డబ్బు చెల్లని రోజున ఏం మార్చుకోవాలి?

ప్రశ్న: కరెంటు, రోడ్లు, డబ్బు అన్నీ ఆగిపోతే మారకానికి ఏం దాచుకోవాలండీ? – పాఠకురాలు, అరకులోయ

జవాబు: ముందు ఉప్పు దాచండమ్మా. కొండమీద దొరకనిది అదే. 1956లో గిరిజన సహకార సంస్థ రాకముందు షావుకార్లు ఉప్పు, బట్టలు ఇచ్చి చింతపండు, పసుపు కారుచౌకగా పట్టుకుపోయేవారు. మనకు తప్పనిసరైన సరుకు అవతలివాళ్ల దగ్గరే ఉంటే బేరం వాళ్లదే అవుతుంది. కాఫీని నమ్ముకోవద్దు. బయట కొనేవాళ్లుంటేనే దానికి విలువ. పైగా 2014 అక్టోబరు హుద్‌హుద్ తుఫానుకు నీడచెట్లు కూలి కాఫీ తోటలే దెబ్బతిన్నాయి. చోళ్లు, పొట్టుతీయని సామలు ఏళ్లతరబడి నిలుస్తాయి. ఎండుచేపలు, అగ్గిపెట్టెలు తేమ తగలకుండా ఉంచండి.

సరుకు అయిపోతుంది, పనితనం అయిపోదు. కత్తి, గొడ్డలి, నాగలికర్రు సాగదీసి పదునుపెట్టగలిగితే ఏ ఊళ్లోనైనా గింజలు కొలిచిస్తారు. దగ్గర్లో కొండకమ్మరులుంటే మీ ఇంటి కుర్రాళ్లను ఈ వేసవిలోనే కొలిమి దగ్గరకు పంపండి.