గుగ్గులువు – గుగ్గిలము : నామసామ్యము, ద్రవ్యభేదము

సంస్కృత వైద్యగ్రంథములకు తెలుగు తాత్పర్యము వ్రాయునపుడు ‘గుగ్గులు’ శబ్దమునకు ‘గుగ్గిలము’ అని అర్థము చెప్పుట కలదు. ధ్వనిసామ్యమును బట్టి ఇది సహజముగనే తోచును. కాని తెలుగునాట గుగ్గిలమను పేర సాధారణముగా వ్యవహరింపబడునది సాలవృక్ష నిర్యాసము. సంస్కృతమున దానికి సర్జరసము, రాల అని పేర్లు. గుగ్గులువు వేరొక చెట్టు బంక; మన వైద్యులు దానిని మహిసాక్షి యందురు.

ఈ భేదము ప్రాచీనులు ఎరుగనిది కాదు. అమరసింహుడు కౌశికము, పురము మున్నగు పర్యాయములతో గుగ్గులువును వనౌషధివర్గమున చెప్పి, సర్జరసమును మనుష్యవర్గమున సుగంధద్రవ్యములతో వేరుగా పఠించెను. భావప్రకాశము గుగ్గులువునకు మహిషాక్షము, మహానీలము, కుముదము, పద్మము, హిరణ్యము అని అయిదు భేదములు చెప్పినది. మన ‘మహిసాక్షి’ ఇందు మొదటి దాని తద్భవమే.

స్వరూపమునందును భేదము స్పష్టము. గుగ్గులువు రాజస్థాన, గుజరాత్ మరుభూములలో పెరుగు ముళ్లపొద నుండి లభించును. దానిలో బంక, సర్జము, తైలము మూడును కలిసియుండుటచే నీటితో నూరిన పాలవలె తెల్లనగును. సాలనిర్యాసము నీట కరగదు. నిప్పుపై కరగి పొగయగును.

ఈ భేదమును పాటింపకున్న కలుగు హాని కేవలము నిఘంటువునకు సంబంధించినది కాదు. సుశ్రుతసంహిత సూత్రస్థానము 15వ అధ్యాయమున స్థౌల్యచికిత్సలో గుగ్గులువు పేర్కొనబడినది. ఆ ప్రకరణము ఆధారముగా జి.వి. సత్యవతి కాశీ హిందూ విశ్వవిద్యాలయమున పరిశోధన చేసి, 1966లో సిద్ధాంతగ్రంథము సమర్పించిరి. కుందేళ్లపై జరిపిన ప్రయోగములలో గుగ్గులువు రక్తమునందలి కొలెస్టరాలును తగ్గించినట్లు అందు నిరూపించిరి. తరువాత లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థ ఈ కృషిని కొనసాగించినది. గుగ్గుల్‌స్టెరోను అను ద్రవ్యముయొక్క ఇ, జడ్ రూపములు ఇందలి ముఖ్య క్రియాశీల ద్రవ్యములని తేలినది. సాలనిర్యాసమున ప్రధానముగా నున్నవి వేరు విధమగు ట్రైటెర్పీనులు. కావున సుశ్రుతుని వాక్యమునకు ‘గుగ్గిలము’ అని అర్థము చెప్పుకొని ప్రయోగము చేసినవానికి ఆ ఫలితము లభింపదు.

అయినను గుగ్గులు విషయమున తుది నిర్ణయము జరిగినదని భావింపరాదు. 2003లో అమెరికాలో 103 మందిపై ఎనిమిది వారములు జరిపిన పరీక్షలో చెడు కొలెస్టరాలు తగ్గలేదు. పైగా కొంత పెరిగినది. శాస్త్రవాక్యము పరిశోధనకు దారి చూపును గాని పరిశోధనకు బదులు కాజాలదు.

ఆ పొద నేడు అంతరించు ప్రమాదమున నున్నది. మూలద్రవ్యము అరుదైనకొలది మారుద్రవ్యములు చొరబడును. కావున వ్యాఖ్యాతలు ‘గుగ్గులు’ శబ్దమునకు మహిసాక్షి యనియు, ‘సర్జరస’ శబ్దమునకు గుగ్గిలమనియు అర్థము వ్రాయుట యుక్తము. ఒక్క పదమునకు సరియైన అర్థము నిర్ణయించుట ఇచట ఔషధమును నిర్ణయించుటయే యగును.