పాత బండి కొనే ముందు

పులివెందుల దగ్గర ఒక పల్లె. ఆ పల్లెలో ఒక రైతు కుటుంబం ఉంది. వాళ్ళకు మూడు ఎకరాల తోట ఉంది. రెండు ఎకరాల్లో చీనీ, ఒక ఎకరంలో అరటి. కాయ కోసిన ప్రతిసారీ బండి బాడుగకు మాట్లాడాలి. సీజన్‌లో బండి అడిగిన రోజు దొరకదు. దొరికినా బాడుగ రెట్టింపు చెప్తారు.

ఆ ఏడు చీనీకి మంచి ధర పలికింది. ఖర్చులు పోను 2 లక్షల 80 వేలు మిగిలింది. రైతు భార్య పొదుపు సంఘంలో ఉంది. అక్కడ లక్ష రూపాయలు అప్పు వస్తుంది. మొత్తం 3 లక్షల 80 వేలు. కొత్త బండికి ఈ డబ్బు చాలదు. అందుకే పాత పికప్ బండి కొందామని ఇద్దరూ అనుకున్నారు.

ప్రొద్దుటూరులో పాత బండ్లు అమ్మించే దళారి ఒకడున్నాడని తెలిసింది. ఇద్దరూ బస్సెక్కి పోయారు. దళారి తెల్ల బండి ఒకటి చూపించాడు. బండి తళతళ మెరుస్తోంది. సీట్లకు కొత్త కవర్లు వేసి ఉన్నాయి. అద్దం దగ్గర పూలదండ వేలాడుతోంది.

"అన్నా, పెండ్లికూతురు మాదిరి ఉంది చూడు. నాలుగు లక్షల ఇరవై వేలు చెప్తాండారు. నీకు నాలుగుకు ఇప్పిస్తా. మధ్యాన్నం ఇంకో పార్టీ వస్తాండాది. ఇరవై వేలు టోకెన్ ఇచ్చిపో" అన్నాడు దళారి.

రైతుకు బండి నచ్చింది. తక్కువ పడే ఇరవై వేలు ఎక్కడైనా తేవచ్చు అనుకున్నాడు. జేబులో చెయ్యి పెట్టాడు.

"టోకెన్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆర్సీ చూపించన్నా" అంది భార్య.

"ఆర్సీ ఇంగ్లీషులో ఉంటాదమ్మా" అని దళారి నవ్వాడు.

ఆమె రాత్రి బడిలో తెలుగు నేర్చుకుంది. ఆ తర్వాత మనవడి పలక మీద ఇంగ్లీషు పెద్ద అక్షరాలు, అంకెలు కూడా నేర్చుకుంది. మాటలు చదవలేదు. కానీ అక్షరాలు గుర్తుపడుతుంది. ఇక్కడ అది చాలు.

ఆర్సీ అంటే బండి రిజిస్ట్రేషన్ కాగితం. పొలానికి పాసు పుస్తకం ఎట్లనో, బండికి ఆర్సీ అట్లా. అందులో బండి నంబరు, ఓనరు పేరు, బండి తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. ఇంజను నంబరు, ఛాసీ నంబరు కూడా ఉంటాయి. ఛాసీ అంటే బండి కింద ఉండే ఇనుప చట్రం. ఆ చట్రం మీదనే ఛాసీ నంబరు కొట్టి ఉంటుంది. ఇప్పటి బండ్లలో ఈ నంబరుకు అక్షరాలు, అంకెలు కలిపి 17 ఉంటాయి. ఇంగ్లీషు ఐ, ఓ, క్యూ అనే అక్షరాలు అందులో వాడరు. ఒకటి, సున్నాలతో కలగాపులగం కాకుండా ఈ ఏర్పాటు.

ఆమె ఆర్సీ పట్టుకొని కూర్చుంది. భర్త వంగి, గుడ్డతో మట్టి తుడిచి, ఛాసీ మీది నంబరును సెల్ ఫోన్‌తో ఫొటో తీశాడు. ఆమె ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి రెండూ సరిచూసింది. 17 సరిపోయాయి. సరిపోకపోతే అది దొంగ బండి కావచ్చు. నంబరు చుట్టూ అరగదీసిన గుర్తులున్నా, అక్షరాలు వంకరగా ఉన్నా అనుమానించాలి. అట్లాంటి బండి ఎంత చవకగా వచ్చినా ముట్టుకోరాదు.

ఆర్సీలో కింద ఇంకో వరస ఉంది. అది ఆమెకు అర్థం కాలేదు. ఫొటో తీసి తమ్ముడికి పంపింది. తమ్ముడు ప్రొద్దుటూరులోనే ఒక మెకానిక్ షెడ్డులో పని చేస్తాడు. ఆ రోజు పని వదిలి రాలేకపోయాడు. ఐదు నిమిషాల్లో ఫోన్ చేశాడు.

"అక్కా, బండి మీద ఫైనాన్స్ ఉంది. ఓనరు వేరే ఊరాయన. అమ్మే ఆయన పేరు ఆర్సీలో లేనే లేదు. డబ్బు ఇయ్యొద్దు."

దళారి ఒప్పుకోలేదు. "ఫైనాన్స్ ఎప్పుడో తీరిపోయింది. ఓనరు సంతకం పెట్టిన ఫారాలు నా కాడ ఉండాయి. ఇంకేం కావాల?"

ఇక్కడే చాలామంది మోసపోతారు. అప్పు తీరకుండా బండి కొంటే, ఫైనాన్స్ వాళ్ళు వచ్చి బండి తీసుకుపోతారు. కొన్నాయన కట్టిన డబ్బు అమ్మినాయన దగ్గరే ఉంటుంది. అప్పు నిజంగా తీరితే ఫైనాన్స్ కంపెనీ బాకీ లేదని కాగితం ఇస్తుంది. ఫారం 35 మీద సంతకం చేస్తుంది. వాటిని ఆర్టీఓ ఆఫీసులో ఇచ్చి ఆర్సీలో ఆ వరస తీసేయించాలి. తీసేయించిన తర్వాతే డబ్బు మాట.

సంతకం పెట్టిన ఖాళీ ఫారాలను నమ్ముకోవడం కూడా ప్రమాదమే. బండి పేరు మారడానికి ఫారం 29, ఫారం 30 కావాలి. బండి ఒకరి నుంచి ఒకరికి, అక్కడి నుంచి ఇంకొకరికి పోతుంది. ఆర్సీలో మాత్రం మొదటి ఓనరు పేరే ఉంటుంది. ఇట్లాంటి తగాదా ఒకటి సుప్రీం కోర్టు దాకా పోయింది. ఆ బండి కూడా చేతులు మారింది. రికార్డు మారలేదు. ప్రమాదం జరిగింది. రికార్డులో పేరున్న ఓనరే పరిహారం కట్టాలని 2018 ఫిబ్రవరిలో కోర్టు చెప్పింది. ఆయన బండి అమ్మేసి చాన్నాళ్ళయింది. అయినా తప్పలేదు. కాబట్టి పేరు మార్పించడం అమ్మేవాళ్ళకూ అవసరమే.

ఇద్దరూ టోకెన్ ఇవ్వకుండా బస్టాండుకు నడిచారు. దారిలో రైతు మాట్లాడలేదు. బండి మీద మనసు పోయింది మరి.

వారం తర్వాత జమ్మలమడుగులో ఇంకో బండి ఉందని కబురు వచ్చింది. ఈసారి తమ్ముడు తోడు వచ్చాడు. "బావా, తెల్లారి ఆరుకే పోదాం. వాళ్ళు ఇంజను వేడి చేయకముందే చూడాల" అన్నాడు. వేడి ఇంజను ఎవరికైనా సులువుగా స్టార్టవుతుంది. చల్లగా ఉన్నప్పుడే దాని అసలు గుణం బయటపడుతుంది.

ఈ బండికి కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. ఓనరే స్వయంగా అమ్ముతున్నాడు. ఫైనాన్స్ లేదు. ఇంజను ఒక్క దెబ్బకు స్టార్టయింది. రైతు సంతోషపడ్డాడు. తమ్ముడు మాత్రం టార్చిలైటు తీసుకొని బండి కిందికి దూరాడు. చాలాసేపు బయటికి రాలేదు.

"బావా, ఒకసారి కిందికి రా" అని పిలిచాడు.

వెనక చక్రాల పైన ఛాసీకి వెల్డింగ్ చేసి ఉంది. దాని మీద నల్ల రంగు పూశారు. కమాన్ కట్టల్లో పట్టీలు ఎక్కువ వేసి ఉన్నాయి. తొట్టి అడుగు రేకు సొట్టలు పడింది.

"అన్నా, ఈ బండికి ఏం లోడు వేసేవాళ్ళు?" అని తమ్ముడు ఓనరును అడిగాడు.

"అప్పుడప్పుడు బండలు" అన్నాడు ఆయన.

జమ్మలమడుగు, ఎర్రగుంట్ల పక్క నాపరాతి గనులు ఎక్కువ. కడప బండలుగా ఊరూరా పేరున్న రాయి అది. బండల బరువు చూపుకు తెలియదు. తొట్టి సగం కూడా నిండదు, బరువు మాత్రం పరిమితి దాటిపోతుంది. అట్లా ఏళ్ళ తరబడి మోస్తే ఛాసీ చిట్లుతుంది. ఇంజను పాడైతే బాగు చేయవచ్చు. క్లచ్ పోతే కొత్తది వేయవచ్చు. ఛాసీ చిట్లిన బండి లోడుతో రోడ్డు మీద విరిగితే మనుషుల ప్రాణాలు పోతాయి. అందుకే పాత సరుకు బండి కొనేటప్పుడు పైన రంగు కాదు, కింద చట్రం చూడాలి. ఇంతకుముందు ఏం మోసిందో అడగాలి.

ఓనరు మంచి మనిషే. అడిగితే నిజం చెప్పాడు, టీ కూడా తాగించాడు. అయినా బండి వద్దనుకున్నారు.

మూడో బండి పులివెందులలోనే దొరికింది. ఒక కూరగాయల వ్యాపారిది. చూపుకు ఏమంత బాగలేదు. తలుపు మీద గీతలు, పక్కన సొట్ట ఉన్నాయి. రైతు ముఖం చిట్లించాడు. తమ్ముడు మాత్రం గీతలను చూసి సంతోషించాడు. రంగు వేసి ఏదీ దాచలేదు కదా!

ముందు కాగితాలు చూశారు. ఆర్సీలో వ్యాపారి పేరే ఉంది. ఫైనాన్స్ లేదు. తమ్ముడు ఫోన్‌లో ఎం-పరివాహన్ యాప్ తెరిచి బండి నంబరు కొట్టాడు. ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్ తేదీలు అందులో కనిపించాయి. కట్టని చలాన్లు ఉన్నాయేమో కూడా చూశాడు. సరుకు బండికి ఫిట్‌నెస్ లేకుండా రోడ్డెక్కరాదు. బండికి 8 ఏళ్ళు వచ్చేదాకా రెండేళ్ళకొకసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. ఈ బండి వయసు ఏడేళ్ళు. వచ్చే ఏడు నుంచి ఆ ఖర్చు ఏటా ఉంటుంది. ఆమె ఆ మాట నోటు పుస్తకంలో రాసుకుంది.

తర్వాత ఇంజను చూశారు. చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీశారు. వేడి మీద తీస్తే మరిగే నీళ్ళు ముఖం మీదికి చిమ్ముతాయి. నీళ్ళలో నూనె తేలడం లేదు. ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూశారు. ఆయిల్ పాలు కలిసిన కాఫీ రంగులో ఉంటే లోపల నీళ్ళు కలుస్తున్నట్టు. ఇక్కడ నల్లగానే ఉంది. డీజిల్ బండిలో నలుపు మామూలే.

బండి స్టార్ట్ చేశారు. మొదట కొంచెం పొగ వచ్చి ఆగిపోయింది. నీలం పొగ ఆగకుండా వస్తే ఇంజను ఆయిల్ తాగుతోందని అర్థం. నల్ల పొగ వస్తే డీజిల్ సరిగ్గా కాలడం లేదు. తమ్ముడు ఆయిల్ పోసే మూత తీసి పక్కన పెట్టాడు. అక్కడి నుంచి గుప్పుగుప్పున ఆవిరి తన్నితే ఇంజను అరిగిపోయినట్టు. మెకానిక్కులు దీన్ని బ్యాక్ కంప్రెషన్ అంటారు. ఆ రిపేరుకు వేలల్లో ఖర్చవుతుంది. ఈ బండికి కొంచెమే వచ్చింది.

సీట్ల కింద చాప ఎత్తి చూశారు. బురద, తుప్పు ఉన్నాయేమోనని. 2015లో చెన్నై వరదల్లో వేలాది బండ్లు మునిగాయి. 2021 నవంబరులో చెయ్యేరు మీది అన్నమయ్య డ్యాం తెగి మన పక్కనే ఊళ్ళు మునిగాయి. మునిగిన బండిని కడిగి అమ్మితే పైకి తెలియదు. ఆరు నెలలకు వైర్లు చెడిపోవడం మొదలవుతుంది. సీటు బోల్టుల తుప్పు, ముక్క వాసన దాన్ని పట్టిస్తాయి.

మీటరు 90 వేల కిలోమీటర్లు చూపిస్తోంది. మీటరును వెనక్కి తిప్పేవాళ్ళున్నారు. బ్రేకు, క్లచ్ తొక్కే రబ్బర్లు బాగా అరిగి ఉండి, మీటరు తక్కువ చూపిస్తే నమ్మరాదు.

పది బస్తాలు వేసుకొని పది కిలోమీటర్లు నడిపారు. ఖాళీ బండి నడిపితే సగమే తెలుస్తుంది. ఎక్కుడులో గేరు జారలేదు. బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు లాగలేదు. కానీ వెనక టైర్లు రెండూ రీబటన్‌వి. ఇన్సూరెన్స్ నెలలో అయిపోతుంది. తమ్ముడు టైర్లకు, ఇన్సూరెన్స్‌కు అయ్యే ఖర్చు లెక్క వేశాడు. ఆమె ఆ లెక్క వ్యాపారి ముందు పెట్టింది.

"మూడు లక్షల అరవై వేలు చెప్పినావన్నా. ఈ ఖర్చులు నువ్వే చూడు. మూడు ముప్పై అయితే తీసుకుంటాం."

"అమ్మా, మరీ కిందికి దించినావు" అన్నాడు వ్యాపారి. బేరం 3 లక్షల 38 వేలకు తెగింది. మిగిలిన డబ్బు టైర్లకు, పేరు మార్పు ఫీజుకు, ఇన్సూరెన్స్‌కు ఉంచుకున్నారు.

లక్ష రూపాయలు ముందు ఇచ్చి రశీదు తీసుకున్నారు. బండి తీసుకున్న తేదీ, గంట కూడా అందులో రాయించారు. ఫారం 29, 30 మీద ఇద్దరూ సంతకాలు పెట్టారు. కొన్నవాళ్ళు 30 రోజుల్లోగా పేరు మార్పుకు దరఖాస్తు పెట్టాలి. ఇన్సూరెన్స్ పేరు మార్పుకు 14 రోజుల్లోగా కంపెనీకి రాయాలి. మిగతా డబ్బు దరఖాస్తు పెట్టిన రోజే ఇచ్చారు.

కొడుక్కి కారు లైసెన్స్ ఉంది. దాంతో పికప్ నడపవచ్చా అని రైతుకు అనుమానం వచ్చింది. ఏడున్నర టన్నుల లోపు సరుకు బండిని ఆ లైసెన్స్‌తోనే నడపవచ్చని సుప్రీం కోర్టు 2024 నవంబరు 6న తీర్పు చెప్పింది. తమ్ముడు ఆ సంగతి చెప్పాక రైతు కుదుటపడ్డాడు.

బండి భార్య పేరు మీద పెట్టించారు. కొన్నాళ్ళకు కొత్త ఆర్సీ తయారైంది. తమ్ముడు అచ్చు తీయించి తెచ్చాడు. ఆమె వాకిట్లో కూర్చొని అక్షరం అక్షరం చదివింది. ఛాసీ నంబరు సరిపోయింది. తన పేరు దగ్గర ఆగి, మళ్ళీ చదివింది.

"ఒరే, నా పేరులో ఒక అక్షరం తప్పు పడింది. రేపు ఆఫీసుకు పోదాం పా" అంది.