అయాను జాడలు - అతినీలలోహిత కాంతి

పిండి జల్లెడ కన్నులను వేలితో తడిమి చూడగలం. కాని ఔషధ ద్రావణంలోని సూక్ష్మజీవిని ఆపవలసిన జల్లెడకు మైక్రానులో ఐదవ వంతు కన్నులు కావాలి. వాటిలో కొన్ని పెద్దవైనా ఆ వడపోత వ్యర్థమే. ఏ సూదీ పొడవలేని ఇట్టి రంధ్రాలను శాస్త్రజ్ఞులు అయానులతో కల్పిస్తున్నారు.

జీనాన్, క్రిప్టాన్ వంటి బరువైన అయానులకు త్వరణ యంత్రంలో మహావేగం కల్పించి పలుచని పాలిమర్ పొరపై విడుస్తారు. అయాను పొరను దూసుకొని పోయిన దారిలో పాలిమర్ గొలుసులు తెగి, సుమారు 10 నానోమీటర్ల వ్యాసం గల జాడ మిగులుతుంది. ఇది ఇంకా రంధ్రం కాదు, గాయం మాత్రమే. పొరను వేడి సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో ముంచితే, క్షారం తక్కిన భాగం కంటె ఆ గాయాన్ని ఎన్నో రెట్లు వేగంగా తినివేస్తుంది. ఒక అయానుకు ఒక రంధ్రం.

ఈ రెండు వేగాల నిష్పత్తిలోనే అసలు విషయమంతా ఉన్నది. క్షారం జాడ వెంట లోనికి పోవుచుండగా ప్రక్కలను కూడ తినును గదా! కనుక రంధ్రం శంకువు ఆకారం దాల్చుతుంది. 12 మైక్రాన్ల పొరను ఇరువైపుల నుండి తినిపించామనుకొందాం. నిష్పత్తి 10 అయితే, రెండు శంకువుల మొనలు నడుమ కలిసేసరికి పైనోరు వ్యాసం సుమారు 1.1 మైక్రాన్లు అవుతుంది. నడుము అప్పుడే తెరచుకొంటుంది. నిష్పత్తి 100 అయితే నోరు 0.12 మైక్రాను మాత్రమే. విద్యార్థులు త్రికోణమితితో ఈ లెక్కను స్వయంగా సరిచూసుకొనవచ్చును.

ఈ నిష్పత్తిని పెంచే సులభోపాయమే అతినీలలోహిత కాంతి. 1968లో క్రాఫర్డ్, డిసోర్బో, హంఫ్రీ అను శాస్త్రజ్ఞులు ఈ ప్రభావాన్ని ప్రకటించి, దానికి కారణం కాంతి వలన కలిగే ఆక్సీకరణమని చూపారు. జాడలో తెగిన గొలుసుల కొనలను కాంతి మరింత విడగొట్టగా, గాలిలోని ఆక్సిజన్ వాటితో కూడి ఆమ్ల సమూహాలను ఏర్పరుస్తుంది. వీటిని క్షారం త్వరగా కరగించుకొంటుంది. గాలి లేని చోట ఈ ఫలితం బాగా తగ్గిపోతుంది.

కాంతి ఎక్కువైన కొలదీ మేలనుకోరాదు. పాలిఎథిలీన్ టెరిఫ్తలేట్ పొర 310 నానోమీటర్ల లోపు తరంగాలను పైపొరలోనే పీల్చుకొంటుంది. లోని జాడకు అవి చేరవు సరికదా, గాయపడని ఉపరితలాన్ని కూడ చెరచి క్షారానికి అప్పగిస్తాయి. అంతకు పొడవైన తరంగాలు లోతునకు పోతాయి, పని వాటితోనే.

కిటికీ గాజు పొట్టి తరంగాలను చాలవరకు ఆపి, పొడవైన వాటిని లోనికి రానిస్తుంది. కనుక అయానులు సోకిన పొరలో ఒక ముక్క సొరుగులోను, మరొకటి కిటికీ ప్రక్క బల్లపైన కొన్నాళ్లు ఉంటే, ఒకే క్షారంలో ఒకే వ్యవధి ముంచినా రెండింటి రంధ్రాలు ఒకే విధంగా రావు. అందుచేత ఇట్టి పొరలను చీకటిలో భద్రపరచి, దీపం క్రింద ఉంచిన గంటలను పుస్తకంలో వ్రాసిపెట్టుకొంటారు.