డ్రిల్లుకు ఆముదం ఎందుకు?

ఉక్కు పలకకు కన్నం వేసే పనివాడు మధ్యమధ్య ఓ చుక్క నూనె వేయడం మీరు చూసే ఉంటారు. కన్నం పడగానే డ్రిల్లు బిట్టును ముట్టుకోనివ్వడు. చెయ్యి కాలుతుంది మరి! ఆ వేడి ఎక్కడిది?

రంఫర్డ్ ప్రభువు 1798లో ప్రకటించిన ఒక ప్రయోగంలో, మొద్దుబారిన పనిముట్టుతో ఫిరంగి లోహాన్ని తొలుస్తూ దాని చుట్టూ నీళ్ళు ఉంచాడు. నిప్పు లేకుండానే రెండున్నర గంటల్లో నీళ్ళు మరిగాయి! లోహాన్ని కోసేటప్పుడు ఘర్షణ ఒక్కటే కాదు, తునక వంగి తెగడంలోనూ బోలెడంత వేడి పుడుతుంది. వేడెక్కితే పనిముట్టు పదును పోతుంది. 1880లలో అమెరికాలో ఫ్రెడరిక్ టేలర్ కోతపై నీటిధార పోయించి, 30 నుంచి 40 శాతం ఎక్కువ వేగంతో కోయవచ్చని చూపాడు. తుప్పు పట్టకుండా ఆ నీటిలో చాకలి సోడా కలిపేవారు.

ఇంట్లో మనం చేతితో చేసే పని నెమ్మదైనది. అక్కడ వేడికన్నా పెద్ద చిక్కు అతుక్కోవడం. కోసిన తునక పనిముట్టు అంచుకు అంటుకుంటుంది. ముఖ్యంగా కన్నంలో మరలు కోసే ట్యాప్ ఇలా పట్టేసిందంటే పుటుక్కున విరుగుతుంది. విరిగిన ముక్క గట్టి ఉక్కు కదా, మామూలు డ్రిల్లుకు లొంగదు. వస్తువు మొత్తం పాడైనట్టే.

ఇక్కడే ఆముదం, పశువుల కొవ్వు, పంది కొవ్వు నూనె పనికొస్తాయి. వీటిలోని కొవ్వు ఆమ్లాల అణువుకు ఒక కొస లోహాన్ని పట్టుకుంటుంది. రెండో కొస బయటికి నిలుస్తుంది. ఇలా ఏర్పడే పలుచని పొర ఒత్తిడికి సులువుగా చెదరదు. శుద్ధమైన ఖనిజ తైలానికి ఈ పట్టు తక్కువ. కాబట్టి ఉక్కులో మరలు కోసేటప్పుడు ఆముదం మంచి ఎంపిక.

అల్యూమినియం మెత్తన, జిగురు స్వభావం. హాక్సా బ్లేడుతో ఒక ముక్క కోసి చూడండి, పళ్ళ సందులు పూడిపోతాయి. రెండు చుక్కల కిరోసిన్ వేస్తే కోత సాఫీగా సాగుతుంది. అయితే దగ్గర్లో మంట గానీ, నిప్పురవ్వలు గానీ ఉండకూడదు.

రాగికి పాలు వాడిన పనివాళ్ళూ ఉండేవారు! వింతేమీ లేదు. పాలలో చల్లబరచే నీరూ ఉంది, జారనిచ్చే కొవ్వూ ఉంది. పని కాగానే కడగకపోతే మాత్రం కంపు భరించలేం.

మామూలు పోత ఇనుముకు ఏ నూనే అక్కర్లేదు. దానిలోనే ఉన్న గ్రాఫైట్ కందెనగా పనిచేస్తుంది. పైగా నూనె వేస్తే రజను తడిసి బురదై, పనిముట్టును అరగదీస్తుంది. సీసం కలిసిన ఇత్తడి కూడా పొడిపొడిగా రాలుతుంది గనుక దాన్నీ పొడిగానే కోస్తారు.