ఆ డబ్బా మూత తీయకముందు

విజయనగరం

చిరంజీవి రవికి,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు ఆయుర్వేదం మొదలుపెట్టావట. ఆన్‌లైన్‌లో ఏవో పొడుల డబ్బాలు తెప్పించుకున్నావట. ఇక థైరాయిడ్ మాత్ర అక్కర్లేదంటున్నావట. మొదటి మాటకి సంతోషించాను. రెండో మాటకి భయం వేసింది. మూడో మాట విన్నాక నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు. కాగితం మీద ఉంటే ఎప్పుడైనా మళ్ళీ తీసి చదువుకుంటావని పొద్దున్నే రాయడానికి కూర్చున్నాను.

ముందు ఆ మాత్ర సంగతి. రేపటి నుంచి మళ్ళీ వేసుకో. పరగడుపునే, ఎప్పటిలాగే. నువ్వు తెప్పించుకున్న వాటిలో అశ్వగంధ ఉందని అమ్మ చెప్పింది. అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్లను పెంచగలదని కొన్ని చిన్న పరిశోధనల్లో తేలింది. మాత్రతో పాటు అదీ మింగితే డాక్టరు వేసిన డోసు లెక్క తప్పుతుంది. మాత్ర మానేసి దాన్నే నమ్ముకుంటే ఒంట్లో ఏం జరుగుతోందో రక్తపరీక్ష దాకా తెలియదు. మాత్ర రాసిన డాక్టరు దగ్గరికి డబ్బా పట్టుకెళ్ళి చూపించు, దాచకు. ఆయన కోప్పడితే పడనీ.

నిన్ను నిరుత్సాహపరచాలని కాదు నాన్నా. పొద్దున లేవగానే కడుపుబ్బరం, మధ్యాహ్నానికి ఛాతీలో మంట, రాత్రి రెండింటి దాకా కళ్ళు మూత పడకపోవడం, ఇవన్నీ నీ పోయిన ఉత్తరంలోనే రాశావు. వీటికి ఆయుర్వేదం వైపు చూడడం మంచి ఆలోచనే. కానీ అది డబ్బాతో మొదలవదు.

మీ తాతగారు, అంటే మా నాన్నగారు, కలకత్తా గార్డెన్ రీచ్‌లో ఉన్న రోజుల గురించి నీకు కొత్తగా చెప్పక్కర్లేదు. నేను కాలేజీలో ఉండగా నాకూ కడుపు ఇలాగే ఏడిపించింది. నాన్నగారు ఖిదిర్‌పూర్‌లో ఒక కవిరాజుగారి దగ్గరికి తీసుకెళ్ళారు. అక్కడ ఆయుర్వేద వైద్యుణ్ణి కవిరాజనే అంటారు కదా. ఆయన నాడి చూశారు, నాలుక చూశారు, కళ్ళ కింద చర్మం లాగి చూశారు. ఆ తర్వాత ప్రశ్నలు. ఎన్నింటికి తింటావు, తిన్నాక ఎంతసేపటికి పడుకుంటావు, ఆకలేసి తింటావా వేళయిందని తింటావా, ఏ పరీక్షలకు చదువుతున్నావు, ఇంట్లో ఎవరితోనైనా పోట్లాడావా. నాకు సిగ్గేసింది. చివరికి మందు ఇవ్వలేదు. రాత్రి టీ మానమన్నారు, చద్దికూర వేడిచేసుకు తినొద్దన్నారు, పదిహేను రోజులయ్యాక రమ్మన్నారు. బయటికొచ్చాక నాన్నగారు ఫీజిచ్చి ఉత్త చేతులతో వచ్చామని బాధపడ్డారు. మైదానం పక్కనుంచి ఎస్ప్లనేడుకు పోయే ట్రాము ఎక్కించి, నన్ను సంతోషపెట్టడానికి ఝాల్‌ముడి కొనిపెట్టారు. పచ్చిమిరపకాయ, ఆవనూనె ఘాటు! కవిరాజుగారు చూసి ఉంటే ఏమనేవారో. ఆ సాయంత్రం మా నాన్నగారు ఎంత బాగున్నారో నీకు చెప్పలేను. నువ్వు నవ్వినప్పుడు అచ్చం ఆయనే.

ఎందుకు చెప్పానంటే, ఆయుర్వేదంలో చికిత్సకు తొలి మెట్టు నిదాన పరివర్జనం. జబ్బుకు కారణమైనదాన్ని ముందు తీసెయ్యాలి. నీ బాధకు కారణం నాకు ఇక్కడికే కనబడుతోంది. నీ ఉద్యోగం ఖిదిర్‌పూర్ డాకు దగ్గర. ఆ డాకు లాక్ గేట్లలోకి ఓడ రావాలంటే హుగ్లీకి పోటు రావాలి. పోటు రోజూ ఒకే వేళకు రాదు. 1892లో ఆ డాకు తెరిచినప్పటి నుంచీ అక్కడి మనుషుల తిండీ నిద్రా నది చేతిలోనే ఉన్నాయి. నీ ఆఫీసు ఓడను కనిపెట్టుకుని ఉంటుంది, నువ్వు ఆఫీసును కనిపెట్టుకుని ఉంటావు. అర్ధరాత్రి ఏక్‌బాల్‌పూర్ సందు మలుపులో బంగాళాదుంప వేసిన బిర్యానీ తిని, వెంటనే పడుకుంటావు. ఆ మంట ఏ చూర్ణంతో పోతుంది?

ఉద్యోగం మానమనను. పోటు ఎప్పుడొచ్చినా పెద్ద భోజనం మాత్రం పగలే కానీ. రాత్రి డ్యూటీ ఉంటే బయల్దేరే ముందే పెసరపప్పు కట్టుతో ఇంత అన్నం తిని వెళ్ళు. తిరిగొచ్చాక ఆకలేస్తే ఏదైనా తేలికగా తిను, బిర్యానీ వద్దు. కలకత్తా వానాకాలం సంగతి తెలుసుగా, గోడలు కూడా చెమట పడతాయి. వర్షర్తువులో జఠరాగ్ని మందగిస్తుందని, పాత బియ్యం తినమని, కాచిన నీళ్ళు తాగమని, పగటినిద్ర వద్దని వాగ్భటుడు ఎప్పుడో చెప్పాడు. చరకుడు ఆపుకోకూడని వేగాలు పదమూడు చెప్పాడు. మూత్రం, మలం మాత్రమే కాదు, ఆకలి, దప్పిక, నిద్ర, చివరికి కన్నీళ్ళు కూడా వాటిలో ఉన్నాయి. జెట్టీ మీద గంటల తరబడి మంచినీళ్ళు కూడా తాగకుండా నిలబడతావని తెలుసు. మీ నాన్న పోయినప్పుడు నువ్వు ఏడవలేదని కూడా తెలుసు. అది ఇంకో ఉత్తరం.

ఇప్పుడు ఆ డబ్బాల సంగతి. వాటిలో ఒకదానికి లేబులే లేదని, ఎవరో స్నేహితుడు పొట్లం కట్టి ఇచ్చింది అందులో పోశావని అమ్మ అంది. అది పారెయ్యి. ఉత్తరం పక్కన పెట్టి, లేచి వెళ్ళి ఇప్పుడే పారెయ్యి.

మా క్వార్టర్స్‌లో పక్కింటి మామయ్యగారికి మోకాళ్ళ నొప్పులుండేవి. బజార్లో ఎవరో పేరు లేని పొడి ఇచ్చాడు. వారం తిరక్కుండా మెట్లు ఎక్కేశారు. కాలనీ అంతా ఆ పొడి కోసం ఎగబడింది. కొన్నాళ్ళకు ఆయన ముఖం గుండ్రంగా ఉబ్బింది, చక్కెర పెరిగింది, గీసుకున్న చోటల్లా పుండు పడింది. ఆసుపత్రిలో తేల్చి చెప్పారు, అందులో స్టెరాయిడ్ కలిపారని. హఠాత్తుగా మానడానికీ లేదు, మెల్లమెల్లగా తగ్గించాల్సి వచ్చింది. అత్తయ్యగారు రోజూ మా వంటింట్లో కూర్చుని ఏడ్చేవారు. మూలికే అని ఇస్తారు, లోపల ఏముందో ఇచ్చినవాడికే తెలియాలి. అంత తొందరగా నొప్పి పోయిందంటే భయపడాలి నాన్నా, సంబరపడకూడదు.

ఇలాంటి మందుల్లో స్టెరాయిడ్ ఒక్కటే కాదు, సీసం భయం కూడా ఉంది. 2004లో అచ్చయిన ఒక పరిశోధన కోసం అమెరికాలో బోస్టన్ చుట్టుపక్కల దుకాణాల్లో అమ్మే ఆయుర్వేద మందులు 70 కొని పరీక్షిస్తే వాటిలో పద్నాలుగింటిలో సీసమో పాదరసమో ఆర్సెనికో బయటపడింది. 2008లో అచ్చయిన ఇంకో పరిశోధనలో ఇంటర్నెట్‌లో అమ్మేవి 193 పరీక్షిస్తే మళ్ళీ దాదాపు అయిదో వంతు మందుల్లో అవే ఉన్నాయి. లోహాలను శుద్ధి చేసి భస్మాలు చేసే పద్ధతులు శాస్త్రంలో ఉన్నాయి. కానీ ఆ పద్ధతి పాటించారో లేదో డబ్బా చూస్తే నీకెలా తెలుస్తుంది? కరోనా రోజుల్లో తిప్పతీగ తాగినవాళ్ళలో కొందరికి కాలేయం దెబ్బతిన్నదని ముంబయి డాక్టర్లు రాశారు. అది మన పెరట్లో పాకే తీగే! గొంతుకు మంచిదని నమిలే అతిమధురం ఎక్కువ రోజులు వాడితే రక్తపోటు పెంచుతుంది. మీ నాన్న రక్తపోటు మనకు తెలిసిందే కదా.

మొక్కల మందుకు చెడు చెయ్యడం రాదంటే నమ్మకు. మేలు చేసే శక్తి ఉన్నది కీడూ చెయ్యగలదు. సర్పగంధ ఉంది చూడు, 1931లో మీ ఊళ్ళోనే సేన్, బోస్ అనే ఇద్దరు వైద్యులు అది రక్తపోటు తగ్గిస్తుందని రాశారు. 1952లో దాన్నుంచి రిసర్పిన్ తీశారు. ప్రపంచమంతా వాడింది. అదే మందు కొందరి మనసును చీకట్లోకి తోసింది కూడా. అంత బలమైనదాన్ని స్నేహితుడు పొట్లం కట్టి ఇస్తే ఎలా మింగుతావు?

మిగతా డబ్బాలు వెలుతురులో పెట్టి చూడు. ఏ ద్రవ్యం ఎంత ఉందో, తయారుచేసినవారి పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు, గడువు తేదీ ఉండాలి. ఒక్కటి లేకపోయినా వద్దు. మధుమేహమో రక్తపోటో పూర్తిగా పోగొడతామని ప్రకటన వేసేవాడి దగ్గర అసలు కొనకు, అలాంటి ప్రకటనల్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. లేబుళ్ళ ఫొటోలు తీసి నాకు పంపు. చిన్న అక్షరాలు కూడా కనబడేలా తియ్యి. నాకు చత్వారం ఉన్నా భూతద్దం ఉంది.

మందుకైనా వైద్యుడికైనా మీకేం తక్కువ అక్కడ! డాబర్ పుట్టిందే కలకత్తాలో, 1884లో. శ్యామ్‌బజారు దగ్గర జె.బి. రాయ్ ఆయుర్వేద కళాశాల ఆసుపత్రి ఉంది. 1916లో యామినీభూషణ్ రాయ్ పెట్టింది. ఆయన సంస్కృతం చదివి, ఆయుర్వేదం చదివి, కలకత్తా మెడికల్ కాలేజీలో ఇంగ్లీషు వైద్యం కూడా చదివాడు. మనవాడు ఆచంట లక్ష్మీపతిగారూ అంతే, మద్రాసులో ఇంగ్లీషు వైద్యం చదివి ఆయుర్వేదానికి జీవితం ఇచ్చారు. వాళ్ళకు రెండు వైద్యాలూ ఒక తలలో ఇమిడాయి. నువ్వు కనీసం ఇద్దరు డాక్టర్లకూ ఒకే నిజం చెప్పు. శ్యామ్‌బజారుకి వెళ్ళాలంటే ఎస్ప్లనేడు దాకా బస్సు, అక్కడి నుంచి మెట్రో, ఎంతసేపు? సాల్ట్‌లేక్‌లో కేంద్రప్రభుత్వ ఆయుర్వేద పరిశోధన సంస్థ కూడా ఉంది. ఎక్కడికెళ్ళినా బి.ఎ.ఎం.ఎస్. చదివి రిజిస్టరైన వైద్యుడేనా అని చూసుకో. నీ థైరాయిడ్ రిపోర్టులు తీసుకెళ్ళు. ఆయన నిన్ను ప్రశ్నలేమీ అడక్కుండా నాలుగు సీసాలు చేతిలో పెడితే లేచి వచ్చెయ్యి.

ఆదివారం ఆదివారం నువ్వులనూనె గోరువెచ్చగా చేసుకుని ఒళ్ళంతా, అరికాళ్ళతో సహా, మర్దన చేసుకుని వేణ్ణీళ్ళు పోసుకో. జ్వరమో అజీర్తో ఉన్న రోజు వద్దు. చిన్నప్పుడు నీకు తలంటు పోస్తుంటే కుంకుడు కళ్ళల్లో పడిందని వీధి వినేలా అరిచేవాడివి. ఇప్పుడు ఎవరున్నారు నీ వీపు రుద్దడానికి అనిపిస్తుంది నాకు. పెళ్ళి మాట ఎత్తనులే.

బజారులో థాన్‌కునీ ఆకు దొరికితే తెచ్చి పచ్చడి చేసుకో, మన సరస్వతి ఆకే. రోజూ కాదు, అప్పుడప్పుడు.

అమ్మకు ఈ సాయంత్రమే ఫోన్ చేసి మాత్ర మళ్ళీ మొదలుపెడుతున్నానని చెప్పు. నేను కోప్పడ్డానని చెప్పకు, నీ అంతట నువ్వే అనుకున్నట్టు చెప్పు. తనకు అది చాలు. నాకు మాత్రం లేబుళ్ళ ఫొటోలు, రక్తపరీక్ష తేదీ, రెండూ కావాలి.

ప్రేమతో,
మీ పెద్దమ్మ