అంగుళం సైనికుడు, ఉక్కు అచ్చు

ఆరడుగుల మనిషిని డెబ్బై రెండో వంతుకు కుదిస్తే ఎంత ఎత్తుంటాడు? ఆరడుగులంటే 72 అంగుళాలు. కనుక సరిగ్గా ఒక్క అంగుళం! ప్లాస్టిక్ సైనికుల బొమ్మలను సేకరించేవారికి ఈ 1:72 అనే నిష్పత్తి కొట్టినపిండి. రోమన్ దళం ఒక అట్టపెట్టెలో, నెపోలియన్ ఆశ్వికదళం మరో పెట్టెలో ఉంటాయి. పెట్టెకు నలభై యాభై మంది ఉండటం మామూలే. ఇంటినిండా ఇలాంటి పెట్టెలున్నవాణ్ణి అడిగి చూడండి, "ఫలానా సైన్యం ఇంకా రాలేదే!" అనే అంటాడు. ఎందుకు రాలేదో తెలియాలంటే ముందు ఈ బొమ్మ ఎలా తయారవుతుందో తెలియాలి.

ప్లాస్టిక్ కంటే ముందు సీసం ఉండేది. లండన్‌లో విలియం బ్రిటన్ 1893లో ఒక ఉపాయం కనిపెట్టాడు. కరిగిన సీసాన్ని అచ్చులో పోస్తే అచ్చు గోడలకు తగిలిన భాగం ముందు గడ్డకడుతుంది. లోపలిది ఇంకా ద్రవంగా ఉండగానే దాన్ని బయటికి ఒంపేస్తే డొల్ల బొమ్మ మిగులుతుంది. సీసం ఖర్చు తగ్గింది, బరువూ తగ్గింది. కాని సీసం విషం. పిల్లలేమో బొమ్మను నోట్లో పెట్టుకోకుండా ఉండరు. 1960లలో బ్రిటన్‌లో సీసపు సైనికుల కథ ముగిసింది. అప్పటికే, 1959లో, ఎయిర్‌ఫిక్స్ కంపెనీ బ్రిటిష్ రాణిగారి గార్డుల బ్యాండు మేళాన్ని చిన్న ప్లాస్టిక్ బొమ్మలుగా పెట్టెలో పెట్టి అమ్మడం మొదలుపెట్టింది.

మీ ఇంట్లో కజ్జికాయల అచ్చు ఉందా? రెండు చెక్కల మధ్య పిండి పెట్టి, మూసి, తెరుస్తారు. సైనికుడి అచ్చూ అంతే. రెండు ఉక్కు దిమ్మెలలో ఒకదానిలో బొమ్మ ముందు సగం, రెండోదానిలో వెనక సగం గుంటలుగా చెక్కి ఉంటాయి. దిమ్మెలు మూసి, కరిగిన ప్లాస్టిక్‌ను గొప్ప ఒత్తిడితో లోపలికి తోస్తారు. చల్లారాక తెరిస్తే, రెమ్మకు కాయలు కాసినట్లు ఒకే కాడకు సైనికులందరూ అంటుకుని వస్తారు. దీన్నే ఇంజక్షన్ మోల్డింగ్ అంటారు.

ఇక్కడొక చిక్కుంది. అచ్చు రెండు వైపులకే తెరుచుకుంటుంది. కజ్జికాయకు పక్కన కొక్కెంలాంటి వంపు ఉందనుకోండి, అది అచ్చును పట్టుకుని ఊడి రాదు గదా! సైనికుడు తుపాకిని ఎదకు అడ్డంగా పట్టుకుంటే, తుపాకికీ ఎదకూ మధ్య ఖాళీలోకి ఏ దిమ్మె మొనా చేరలేదు. అందుకే చాలా బొమ్మలలో ఆ ఖాళీ ప్లాస్టిక్‌తో పూడిపోయి ఉంటుంది. ఇది శిల్పి చేతకానితనం కాదు, జ్యామితి!

మరో లెక్క చూడండి. అసలు తుపాకి గొట్టం లావు సుమారు 2 సెంటీమీటర్లు. 72తో భాగిస్తే 0.28 మిల్లీమీటర్లు. అంత సన్నని సందులోకి ప్లాస్టిక్ సరిగా పారదు, పారినా బొమ్మకు ఆ గొట్టం నిలవదు. కాబట్టి ఆయుధాలను కావాలనే లావుగా చెక్కుతారు. ఎంత 'ఖచ్చితమైన' బొమ్మలోనైనా ఈ అబద్ధం ఉండే తీరుతుంది.

ఈ సైనికులకు ఎక్కువగా వాడేది పాలిథిన్. ఇంగ్లండులో ఐ.సి.ఐ. ప్రయోగశాలలో 1933లో అనుకోకుండా పుట్టిన పదార్థమిది. మెత్తన కనుక ఈటె వంగుతుందే గాని విరగదు. వంగిన ఈటెను వేడినీళ్లలో ముంచి, సరిచేసి, వెంటనే చన్నీళ్లలో పెడితే నిటారుగా నిలుస్తుంది. కాని రంగు దీనికి సరిగా అంటదు, పెచ్చులూడిపోతుంది. గట్టి బొమ్మలకు పాలిస్టైరీన్ వాడతారు. రెంటినీ పోల్చాలంటే ఒక్కో ముక్కను నీళ్లలో వేలితో పూర్తిగా ముంచి వదలండి. (ముంచకపోతే తలతన్యత మిమ్మల్ని మోసం చేస్తుంది.) పాలిథిన్ తేలుతుంది, పాలిస్టైరీన్ మునుగుతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ప్లాస్టిక్ చవక, ఉక్కు అచ్చు చెక్కడం ఖరీదు. లెక్క కోసం అచ్చుకు లక్ష రూపాయలనుకుందాం. లక్ష పెట్టెలు అమ్మితే పెట్టెకు ఒక రూపాయి భారం. వెయ్యే అమ్మితే వంద రూపాయలు! అందుకే నెపోలియన్ చివరిసారిగా ఓడిన 1815 వాటర్లూ యుద్ధానికి ఎన్ని పెట్టెలైనా వస్తాయి. అక్కడా ఎయిర్‌ఫిక్స్ ఫ్రెంచివారినీ బ్రిటిష్‌వారినీ ముందు తెచ్చింది. గెలుపుకు కీలకమైన ప్రష్యన్ల కోసం మాత్రం పిల్లలు ఏళ్ల తరబడి కాచుకున్నారు. నిజం యుద్ధంలో కూడా ప్రష్యన్లు సాయంత్రానికి గాని రాలేదనుకోండి!

మరి మనకు 1757 బొబ్బిలి యుద్ధం పెట్టె కావాలంటే? "బొబ్బిలి పెట్టె" అని అడిగితే కొనేది మనవాళ్లే. అదే "1750లనాటి ఫ్రెంచి పదాతిదళం" అని అడిగామా, బుస్సీ దళమే కాక, 1758లో చందుర్తి దగ్గర ఇంగ్లీషువారితో తలపడ్డవారికీ, 1760 వందవాసి యుద్ధానికీ, అదే కాలంలో యూరపులో సాగిన ఏడేళ్ల యుద్ధానికీ ఆ అచ్చే పనికొస్తుంది. ముక్కోణపు టోపీ, పొడుగు కోటు, చెకుముకి తుపాకి అన్నిచోట్లా ఉన్నవే. ఇక్కడి ఎండకు కోటులో ఏ మార్పు చేశారో మాత్రం వెతకాలి. రెండో పెట్టెగా ఫ్రెంచివారి కొలువులోని సిపాయిలను అడగవచ్చు.

కోటలోని వారికి వేరే అచ్చు తప్పదు. శిల్పి ఉలి పట్టేముందు మిమ్మల్ని అడిగేవి ఇవి: తలపాగా ఎలా చుట్టేవారు? డాలు గుండ్రనిదా? కత్తి వంపు ఎంత? ఎందరి చేతిలో వత్తితో పేల్చే తుపాకి, ఎందరి చేతిలో బల్లెం? సినిమాలో చూశామంటే చాలదు. ఆ కాలపు చిత్రాలు, మ్యూజియంలోని ఆయుధాలు చూసి, ఒక్కో సైనికుడికి ముందువైపు ఒక బొమ్మ, వెనకవైపు ఒక బొమ్మ గీయాలి. అచ్చుకు రెండు దిమ్మెలు గదా!