జంట ఇంజన్ల ఫెర్రీ: తెరమీద ఒక భౌతికశాస్త్ర పాఠం

(ద్వితీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి)

మనుషుల్నీ వాహనాల్నీ ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకు చేరవేసే ఓడను ఫెర్రీ అంటారు. కోనసీమలో పంటు, కృష్ణమీద బల్లకట్టు చేసే పని ఇదే. ఇంగ్లండు, ఫ్రాన్సుల నడుమ డోవర్ జలసంధిలో తిరిగే ఫెర్రీలు మాత్రం నూరు మీటర్లకు మించిన పొడవుండి, వందల కార్లను కడుపులో పెట్టుకొని పోతాయి. అంత పెద్ద ఓడ రోజూ ఇరుకైన రేవులో పలుమార్లు తిరగాలి, ఆగాలి, మళ్ళీ బయల్దేరాలి. అందుకే చాలా ఫెర్రీలకు వెనుకభాగాన కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి చొప్పున రెండు ప్రొపెల్లర్లుంటాయి. దేని లీవరు దానిదే.

ఇలాంటి ఓడలను నడపడం నేర్పే కంప్యూటరు ఆటలున్నాయి. వాటిలో బ్రిడ్జ్ కమాండ్ అనేది ఉచితంగా దొరుకుతుంది. ఆటల గురించి సావనీరులో వ్యాసమేమిటని కొందరు మిత్రులు నవ్వవచ్చు. కాని పరీక్షకోసం మనం బట్టీపట్టే బలయుగ్మం, ద్రవ్యవేగం, జడత్వ భ్రామకం అనే మూడు మాటలూ ఇక్కడ కళ్ళముందు కదుల్తాయి. సముద్రం చూడని పల్లెటూరి రైతుబిడ్డకు కూడా ఈ విద్య పూర్తిగా కొత్తేమీ కాదు. ఎందుకో చెబుతాను.

1. దాపట, వలపట

అరకకు కట్టిన జతను ఎడమకు మళ్ళించాలంటే ఏం చేస్తాం? దాపటి ఎద్దును నిలబట్టి వలపటిదాన్ని అదిలిస్తాం. ట్రాక్టరుకైనా అంతే. దానికి కుడిచక్రానికీ ఎడమచక్రానికీ వేర్వేరు బ్రేకు పెడళ్ళుంటాయి. చాలు చివర ఒక పెడలే తొక్కితే ట్రాక్టరు ఉన్నచోటనే గిర్రున తిరుగుతుంది.

ఫెర్రీలో వలపటి ఇంజనును ముందుకూ, దాపటి ఇంజనును వెనక్కూ నడిపితే ఓడ ముక్కు ఎడమకు తిరుగుతుంది. సమానమైన రెండు బలాలు సమాంతరంగా, ఎదురెదురు దిశల్లో పనిచేస్తే దాన్నే బలయుగ్మం అంటాం. ఓడను అది ముందుకూ తోయదు, వెనక్కూ లాగదు, తిప్పుతుంది. ఉదాహరణకు ఒక్కో ప్రొపెల్లరు 100 కిలోన్యూటన్ల బలంతో తోస్తుందనీ, రెంటి మధ్య దూరం 10 మీటర్లనీ అనుకుందాం. బలయుగ్మ భ్రామకం 1,000 కిలోన్యూటన్-మీటర్లు.

ఇందులో ఒక మెలిక ఉంది. ప్రొపెల్లరు ముందుకు తోసేందుకు తయారైన వస్తువు. వెనక్కి తిరిగినప్పుడు దాని బలం తగ్గుతుంది. అందుచేత రెండు లీవర్లనూ సమానంగా పెడితే ఓడ తిరుగుతూనే మెల్లగా ముందుకు జారుతుంది. వెనక్కి తిరిగే ఇంజనుకు కాస్త ఎక్కువ ఇవ్వాలి. ఎంత ఎక్కువ అన్నది ఓడను బట్టి చూసి తెలుసుకోవలసిందే.

2. చుక్కాని ఎప్పుడు పనిచేస్తుంది?

120 మీటర్ల ఓడలో చుక్కాని మధ్యబిందువుకు సుమారు 60 మీటర్ల వెనుక ఉంటుంది. అక్కడ 20 కిలోన్యూటన్ల పక్కబలం పుట్టినా 1,200 కిలోన్యూటన్-మీటర్ల భ్రామకం వస్తుంది. అంటే చిన్నబలంతోనే రెండు ఇంజన్లకు మించిన పని! అయితే ఆ బలం దాన్ని ఒరుసుకుంటూ పోయే నీటివల్లనే పుడుతుంది. ఓడ ఆగి ఉండి, ప్రొపెల్లరు కూడా తిరగకపోతే చుక్కాని ఉత్త రేకు.

కాబట్టి సూత్రం ఇది: వేగంలో చుక్కాని, నిదానంలో ఇంజన్లు. ట్రాక్టరు రోడ్డెక్కగానే రెండు పెడళ్ళనూ కలిపి కొక్కెం వేయడం ఇందుకే గదా. వేగంలో ఒకవైపు బ్రేకు మాత్రమే పడితే బండి తిరగబడుతుంది, ప్రాణాలు పోతాయి.

3. తోక సంగతి

కారు మలుపు తిరిగితే వెనుకచక్రాలు లోపలివైపు కోసుకుంటూ వస్తాయి. ఓడ దీనికి పూర్తిగా విరుద్ధం. ముందుకు పోతున్న ఓడ తన ముక్కునుంచి మూడో వంతో నాలుగో వంతో దూరంలో ఉన్న బిందువు చుట్టూ తిరిగినట్లు కనిపిస్తుంది. మిగిలిన పొడవంతా బయటికి ఊగుతుంది. గోడకు ముక్కు తప్పిందిగదా అని ఊరుకుంటే తోక వెళ్ళి కొడుతుంది. వెనక్కి పోయేటప్పుడు ఆ బిందువు వెనుకభాగానికి జరుగుతుంది, అప్పుడు ముక్కును కనిపెట్టుకొని ఉండాలి.

4. ఆపడం ఎలా?

నీటిలో బ్రేకులు లేవు. 5,000 టన్నుల ఓడ సెకనుకు 2 మీటర్ల వేగంతో, అంటే సుమారు 4 నాట్లతో వస్తోందనుకోండి. మొత్తం 100 కిలోన్యూటన్ల బలంతో వెనక్కి తోస్తే ఆగడానికి 100 సెకన్లు పడుతుంది. ఈలోగా 100 మీటర్లు పోతుంది. వేగం రెట్టింపైతే కాలం 200 సెకన్లు, దూరం 400 మీటర్లు! నీటి నిరోధాన్ని వదిలేసి వేసిన లెక్క ఇది. అయినా వేగం రెట్టింపైతే దూరం నాలుగింతలన్న సంగతి తేటతెల్లం.

తిరగడానికీ ఇదే న్యాయం. జడత్వ భ్రామకం పెద్దది గనుక ఓడ ఆలస్యంగా తిరగడం మొదలెడుతుంది, మొదలెట్టాక ఆలస్యంగా మానుతుంది. కోరిన దిశ రాకముందే లీవర్లను తారుమారు చేయాలి.

5. గాలి

ఫెర్రీ పక్కగోడ నిలువెత్తు మేడలాంటిది. దాని వైశాల్యం 2,000 చదరపు మీటర్లనుకుంటే, సెకనుకు 10 మీటర్ల వేగంతో వీచే గాలి సుమారు 120 కిలోన్యూటన్ల బలంతో, అంటే దాదాపు 12 టన్నుల బరువంత తోస్తుంది. గాలి రెట్టింపైతే బలం నాలుగు రెట్లు. కాబట్టి రేవును సమీపించే ముందే గాలి ఏ మూలనుంచి వస్తోందో చూసుకోవాలి.

6. సాధన క్రమం

మొదట విశాలమైన నీటిలో, గాలి లేకుండా, చుక్కాని ముట్టుకోకుండా ఇంజన్లతోనే తిన్నగా పోవడం. తర్వాత ఉన్నచోట 90 డిగ్రీలు తిరిగి ఆగడం. ఆపైన పూర్తి చుట్టు. ఆ తర్వాత చుక్కానిని కలపడం, గాలిని కలపడం. చిట్టచివర రేవు. తొందరపడి మొదటిరోజే రేవులోకి దూరితే ఏ కారణానికి ఏ ఫలితం వచ్చిందో విడదీయలేం.

ఈ సాధన పిల్లలాట అనుకోకండి. ఫ్రాన్సులోని పోర్ట్ రెవెల్‌లో 1967లో మొదలైన శిక్షణ కేంద్రంలో అనుభవజ్ఞులైన కెప్టెన్లే 25వ వంతు నమూనా ఓడలను చెరువులో నడిపి నేర్చుకుంటారు. పొడవు 25 రెట్లు తగ్గితే కాలం దాని వర్గమూలమైన 5 రెట్లు తగ్గుతుంది. అంటే అక్కడ ప్రతిదీ అయిదింతలు చురుగ్గా జరుగుతుంది.

7. తెర నేర్పనిది

1987 మార్చి 6న బెల్జియంలోని జీబ్రగ్గె రేవునుంచి హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ అనే ఫెర్రీ డోవరుకు బయల్దేరింది. రేవులోంచి వెనక్కి రావడం, తిరగడం, సముద్రంకేసి సాగడం అన్నీ సజావుగానే జరిగాయి. కాని ముందుభాగపు తలుపులు మూసిలేవు. మూయవలసిన మనిషి నిద్రలో ఉన్నాడు. కెప్టెను నిలబడే చోట తలుపుల స్థితిని చూపే దీపం లేదు. మూయలేదని ఎవరూ చెప్పలేదు కనుక మూసే ఉంటాయనుకున్నారు. వేగం పెరిగేసరికి నీరు వాహనాల అంతస్తులోకి దూకింది. అడ్డుగోడలు లేని ఆ అంతస్తులో నీరంతా ఒక పక్కకు చేరింది. సగం నిండిన ట్యాంకరు మలుపులో ఎలా ఊగుతుందో చూసినవారికి ఈ సంగతి విడమర్చి చెప్పనక్కర్లేదు. నిమిషాల్లో ఓడ ఒరిగిపోయింది, 193 మంది చనిపోయారు. ఇలాంటి ప్రమాదాల తర్వాతనే భద్రతా నిర్వహణ నియమావళి 1993లో అంతర్జాతీయంగా ఆమోదం పొంది, 1998 జూలై నుంచి ప్రయాణికుల ఓడలకు తప్పనిసరైంది.

లీవర్లు, చుక్కాని, గాలి, ద్రవ్యవేగం వీటన్నిటినీ తెర నేర్పుతుంది. పక్కమనిషిని అడిగి నిర్ధారించుకోవడాన్ని అది నేర్పదు. ఈ తేడా తెలుసుకొని వాడుకుంటే మంచి గురువే.

ఆసక్తిగల మిత్రులు ముందు కాగితంమీద లెక్క వేసి, తర్వాత తెరమీద సరిచూసుకోవాలని నా మనవి. లెక్కకూ ఓడకూ తేడా వచ్చినచోట ఆగి ఆలోచించండి. అక్కడే మన పాఠ్యపుస్తకంలోని తర్వాతి అధ్యాయం మొదలవుతుంది.